మూడో గదిలో మూడో ఊపిరి

ఆ లైబ్రరీ కింది అంతస్తులో మూడో నంబరు గది అంటే పనివాళ్లకి హడల్. పొద్దు గూకాక అటు చీపురు పట్టుకెళ్లమంటే చాలు, ఎంతటివాడికైనా నడుం నొప్పి వచ్చేస్తుంది.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరు ఒక అధ్యక్షుణ్ణి కన్నది. ఆయన పోయాక ఆయన కాగితాలూ, కళ్లజోళ్లూ, పదవిలో ఉండగా ఫోన్లో మాట్లాడిన మాటల రికార్డులూ అన్నీ ఆ లైబ్రరీలో దాచారు. ఆ పాత రికార్డులు వినిపించే మెషిన్ మూడో గదిలో తప్ప ఇంకెక్కడా లేదు. అక్కడ కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొల్లుపోకుండా ప్రతి మాటా రాసిపెట్టడం కొందరి ఉద్యోగం.

గొడవంతా ఒక అక్టోబరు నెల రికార్డులతో వచ్చింది. యుద్ధం రోజుల మాటలవి. యాభై ఏళ్లు సీలు వేసి ఉంచి ఈమధ్యే తీశారు. ఫోన్లో మాట్లాడేది ఇద్దరే... ఊపిరి మాత్రం మూడు వినిపిస్తోంది.

మొదట విన్నావిడ ఉద్యోగం మానేసి చెల్లెలి ఊరు వెళ్లిపోయింది. తర్వాత విన్నాయన ఫొటోల విభాగానికి మార్పించుకున్నాడు. ఫొటోలు ఊపిరి పీల్చవు కదా!

ఇక మిగిలింది ఒక్కటే — పంతొమ్మిదో తారీఖు రికార్డు. దాన్ని జెనీన్ అడిగి మరీ తీసుకుంది.

జెనీన్‌కి దెయ్యాలంటే భయం లేక కాదు. భయం కన్నా పెద్ద బాధ ఉంది. ఆ వారంలోనే ఆవిడ తండ్రి వెండెల్ నడిపే విమానం కనబడకుండా పోయింది. ఆచూకీ లేదని సైన్యం ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంది. అప్పుడు జెనీన్‌కి మూడేళ్లు. తల్లి ఆర్డిత్ అధ్యక్షుడి ఆఫీసులో టైపిస్టు. పిల్లని చంకనేసుకుని సొంతూరు వచ్చేసింది, మళ్లీ పెళ్లి ఊసెత్తనివ్వలేదు, మీ నాన్న వస్తాడు అంటూనే పెంచింది. ఆ నాన్న ఉన్నాడో పోయాడో తెలుసుకోవాలనే జెనీన్ పదకొండేళ్ల కిందట ఈ ఉద్యోగంలో చేరింది.

డిసెంబరు నెల. ఐదు కొట్టేసరికి బయట చిమ్మచీకటి, మంచు. అందరూ ఇళ్లకి పోయారు. ముసలి వాచ్‌మన్ ఆర్లో గుమ్మం దాటకుండా తల మాత్రం లోపల పెట్టాడు.

"అమ్మాయ్, రేపు వినరాదూ?"

"రేపటికి ఈ ధైర్యం ఉండదు ఆర్లో."

"ఆ అధ్యక్షుడు బతికుండగానే ఒక పట్టాన ఫోన్ పెట్టేవాడు కాదు. చచ్చాక పెడతాడా?" అని గొణుక్కుంటూ అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు.

జెనీన్ మీట నొక్కింది.

గరగర... ఆ తర్వాత అధ్యక్షుడి బొంగురు గొంతు. అవతల ఎవరో జనరల్. వాళ్లిద్దరి మధ్యా — సన్నగా, మరీ దగ్గరగా — మూడో ఊపిరి. ఎవరో భుజం మీదికి వంగినట్టే ఉంది. ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగింది. గోడ తప్ప ఏమీ లేదు.

"సరిహద్దు దాటిన ఆ విమానం ఏమైంది?" అన్నాడు అధ్యక్షుడు.

"కొండకి గుద్దుకుంది సార్. పైలట్ వెండెల్ కెసింగర్. మనవాళ్లు కళ్లారా చూశారు... ఎవరూ మిగల్లేదు."

మూడో ఊపిరి ఆగిపోయింది.

మనం సరిహద్దు దాటనే లేదని లోకానికి చెప్పాం కనక ఆచూకీ లేదని రాసెయ్యమన్నాడు అధ్యక్షుడు. జనరల్ సరేనన్నాడు. క్లిక్.

క్లిక్‌మంటే సంభాషణ అయిపోయినట్టే. టైము రాసుకుని మెషిన్ ఆపెయ్యాలి, ఆ తర్వాత వచ్చేది ఉత్త హోరు. ముందు విన్న ఇద్దరూ ప్రతిసారీ అక్కడే ఆపేశారు. జెనీన్ చెయ్యి కూడా అలవాటు కొద్దీ మీట మీదికి వెళ్లింది. కానీ నాన్న పోయాడన్న మాట చెవిన పడ్డాక వేళ్లు కదల్లేదు. మెషిన్ తిరుగుతూనే ఉంది.

హోరు... హోరు...

ఆగిన ఊపిరి మళ్లీ మొదలైంది. ఈసారి వెక్కుతూ.

"ఇంకా లైన్లోనే ఉన్నావా?" అన్నాడు అధ్యక్షుడు, మెల్లిగా.

"ఉన్నాను సార్."

జెనీన్ హెడ్‌ఫోన్లు చెవులకి నొక్కుకుంది. ఆ గొంతు తనకి తెలుసు. రోజూ పొద్దున్నే కాఫీ తాగమని తనని లేపే గొంతే అది, కాకపోతే యాభై ఏళ్లు చిన్నది. అమ్మ ఉత్తరాలు టైపు చెయ్యడమే కాదు, పక్క ఫోన్లో ఆయన మాటలు వింటూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేదన్నమాట!

"రాసుకున్నావా?"

"లేదు సార్... చెయ్యి ఆడలేదు."

"మంచిది. రాయకు. ఎవ్వరికీ చెప్పకు ఆర్డిత్. పిల్లకి కూడా. నేను చెప్పమనేదాకా."

"...చెప్పను సార్."

మంచులో కారు ఎలా నడిపిందో జెనీన్‌కి తెలీదు. తండ్రి కోసం ఏడుపు, తల్లి మీద కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆ అధ్యక్షుడు పోయే ముప్పై ఏళ్లయింది. అయినా ఇన్నేళ్లు, కన్నకూతురి దగ్గర దాచిందా!

వంటింట్లో ఎనభై ఒక్కేళ్ల ఆర్డిత్ సూప్ కలుపుతోంది. "ఇవాళైనా ఏమన్నా దొరికిందా?" అంది, తల తిప్పకుండా. రోజూ అడిగే మాటే. ఆశ కొద్దీ అడుగుతోందని జెనీన్ పదకొండేళ్లుగా అనుకుంటోంది. ఆ గొంతులో ఉన్నది భయమని ఇప్పుడు తెలిసింది.

"పంతొమ్మిదో తారీఖుది విన్నానమ్మా. జనరల్ ఫోన్ పెట్టేశాక కూడా విన్నాను."

గరిటె ఆగింది. ఆర్డిత్ నెమ్మదిగా ఇటు తిరిగింది. కూతురి వంక చూడలేదు. కూతురి వెనక, తెరిచి ఉన్న గుమ్మం వంక చూసింది.

"మరి..." అంది, గుసగుసగా. "ఆయన చెప్పమన్నాడా?"