అత్తగారి నీలం కోటు

లియుగౌ ఊరి చివర, ఇటుక బట్టీ దాటాక, ఒక కూలిన ఇల్లుంది. పొద్దు వాలితే అటు ఎవరూ పోరు. తప్పనిసరైతే చుట్టూ తిరిగి గడ్డకట్టిన ఏటి మీదుగా పోతారు గానీ ఆ ఇంటి ముందు నుంచి మాత్రం పోరు.

ఇల్లంటే ఇప్పుడు మిగిలింది ఒక్క గోడ. ఆ గోడకి నిటారుగా ఒక ఇనుప గొట్టం. ఏటా మొదటి గట్టి చలి పడిన రాత్రి ఎవరో వచ్చి ఆ గొట్టానికి దూది కోటు చుట్టి పోతారు. నడుం వంగిన ఆడమనిషి... మొహం కనపడదు... చంటిపిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. ఒకసారి పందుల వ్యాపారి ఒకడు చూసి, బండి అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడట.

"దెగుయ్ వాళ్ళమ్మే. చచ్చినా ఆ బాయిలర్‌ని వదల్లేదు," అంటారు ఊళ్ళో.

ఊరికే అనరు. ఆ బాయిలర్ పెట్టిన ఘోష అలాంటిది.

ఆ ఇల్లు దెగుయ్‌ది. అతని తల్లి ఒక ఏడు ఆకు రాలే రోజుల్లో పోయింది. పోయినవాళ్ళ బట్టలు కాల్చాలి. కాల్చినవి వాళ్ళకి చేరతాయి, మిగిల్చినవి వాళ్ళే వచ్చి అడుగుతారు. కోడలు ఫెంగ్‌ఛిన్ ఇలాంటి వాటిల్లో మహా నిక్కచ్చి మనిషి. పెట్టెలన్నీ గాలించింది, చిరిగిన మేజోడు కూడా వదల్లేదు. చివరికి అటకెక్కితే, అక్కడ చిన్న నీళ్ళతొట్టి గొట్టానికి ముసలామె పాత నీలం కోటు చుట్టి ఉంది. జేబు దగ్గర మనవరాలు మాయ్‌మాయ్ పాత గౌను గుడ్డతో వేసిన పూల మాసిక.

'ఇదొకటి ఇక్కడ నక్కిందా' అనుకుని, విప్పి తెచ్చి మంటలో పడేసింది. పూల మాసిక అన్నిటికన్నా ఆఖర్న అంటుకుంది. హమ్మయ్య, ఏమీ మిగల్లేదు అనుకుంది ఫెంగ్‌ఛిన్.

చలి ముదిరింది.

వంటింట్లో బొగ్గు బాయిలర్. దాన్నుంచే గదులన్నిటికీ వేడినీళ్ళ గొట్టాలు. అన్నేళ్ళూ పిల్లిలా గురగురమంటూ పడి ఉండేది. ఆ ఏడు మాత్రం రాత్రయ్యేసరికి మొదలు —

ఠక్.

కాసేపు ఏమీ ఉండదు. తర్వాత గోడ లోపల్నుంచి, ఎవరో వేలి కణుపులతో కొట్టినట్టు... ఠక్... ఠక్ ఠక్. ఆపైన ఒక మూలుగు. తెల్లారి ఎండ పడగానే ఏమీ ఎరగనట్టు ఊరుకునేది.

దెగుయ్ గొట్టాల్లో గాలి వదిలాడు. బూడిద దులిపాడు. రెంచితో నాలుగు బాదాడు కూడా. రాత్రికి మళ్ళీ అదే పాట.

"మీ అమ్మ," అంది ఫెంగ్‌ఛిన్ గొంతు తగ్గించి.

"మా అమ్మ బతికుండగా ఇంతకన్నా గట్టిగానే కొట్టేది. ఇది ఆవిడ కాదు," అని నవ్వాడు దెగుయ్. ఏడవాల్సిన చోట కూడా నవ్వే రకం అతను.

పక్కింటి సాంగ్ పెద్దమ్మ నవ్వలేదు. ఫెంగ్‌ఛిన్‌ని గుమ్మం బయటికి లాగి, చెవిలో ఊదింది. "ముసలిది ఎవరిని పక్కలో పెట్టుకుని పడుకునేదే?"

"మాయ్‌మాయ్‌ని."

"మరింకేం... అక్కడ ఒంటరిగా చలేస్తోంది. పిల్ల కోసమే వచ్చి తలుపు కొడుతోంది."

ఆ రోజు నుంచి ఫెంగ్‌ఛిన్ పిల్లని వదిలి చెంబెడు నీళ్ళకి కూడా వెళ్ళలేదు. నిద్రపోదు, కూతురి ఊపిరి వింటూ కూర్చుంటుంది. గోడలో ఠక్ మన్నప్పుడల్లా పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఒక తెల్లవారుజామున మాయ్‌మాయ్ కళ్ళు నులుముకుంటూ లేచింది.

"అమ్మా... నానమ్మ కోటు అడుగుతోంది."

"ఏ కోటు?"

"చలేస్తోందట. కోటేదీ, కోటేదీ అంటోంది."

కాల్చిన కోటు చేరలేదన్నమాట! కొత్తది పంపకపోతే ముసలామె పిల్లనే కప్పుకుపోతుంది. ఆ పూటే ఫెంగ్‌ఛిన్ పిల్లని వెంటబెట్టుకుని సంతకి పోయి, పోయినవాళ్ళకి కాల్చి పంపే కాగితపు కోటు కొనుక్కొచ్చింది — రంగురంగుల పూలది, దూది కూడా పెట్టినది.

ఆ రాత్రి చలికి కిటికీ అద్దాలు లోపలివైపు కూడా మంచు పట్టాయి. బాయిలర్ ఆగకుండా కొట్టుకుంటోంది. ఠక్ ఠక్ ఠక్ ఠక్... వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయి.

"నాలుగు దార్ల కూడలికి పోయి కాల్చొస్తాను. పిల్లని కూడా తీసుకుపోతా. ఈ ఇంట్లో దాన్ని ఒక్క క్షణం వదల్ను," అంది ఫెంగ్‌ఛిన్.

"ఈ చలిలో పిల్లనా? నీకు మతి పోయిందే."

"నువ్వు కూడా రా దెగుయ్. కొడుకువి. నువ్వు పిలిస్తే వింటుంది."

"నేనొస్తే పొయ్యి ఆరిపోద్ది. మీరు బిగుసుకుపోయి వస్తారు, అప్పుడెవరు వెచ్చబెడతారు?" అంటూనే కాగితపు కోటు మడిచి, దారం చుట్టి, ముడివేసి ఇచ్చాడు. దెగుయ్‌ది ఎడమచేతి వాటం. అతను వేసిన ముడి అందరి ముడికీ తిరకాసుగా పడేది, దానంతటది ఊడేది కాదు, విప్పడం ఇంకెవరికీ వచ్చేది కాదు. "అమ్మతో చెప్పు, కొడుకే కట్టాడని. తొందరగా రండి. ఇల్లు కొలిమిలా చేసి ఉంచుతాను."

గుమ్మం దాటుతుంటే వెనక పార చప్పుడు వినపడింది. బొగ్గు వేస్తున్నాడు.

కూడలిలో మంచు మీద కర్రతో గుండ్రంగా గీత గీసింది ఫెంగ్‌ఛిన్. ముడి విప్పడం చాతకాక ఆ కట్టంతా అలాగే మంటలో పెట్టింది. "అత్తమ్మా... ఇదిగో కోటు. కప్పుకో. పిల్ల జోలికి మాత్రం రాకు... నీకు దణ్ణం పెడతాను."

మంట లేచింది. దూది అంటుకుంది. దారం నల్లబడింది.

అప్పుడు —

నేల అదిరింది. ఊరి చివర ఎర్రటి వెలుగు ఒక్కటి లేచి ఆరిపోయింది. ఆ వెనకే వచ్చిన మోతకి ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి.

వంటిల్లు లేదు. కప్పు లేదు. దెగుయ్‌ని బయటికి తీసిన మగాళ్ళు ఫెంగ్‌ఛిన్‌ని దగ్గరికి రానివ్వలేదు.

తెల్లారాక చియావ్ బాబాయి వచ్చాడు. ఆ బాయిలర్ బిగించింది ఆయనే. దెగుయ్‌కి సొంత బాబాయి. మిగిలిన గోడకి ఎగబాకి, అటక మీది గొట్టం తడిమి చూసి, అక్కడే కూలబడ్డాడు.

"లోపలంతా మంచు... కాగిన నీళ్ళకి పైకి దారి ఇదొక్కటే. ఇది మూసుకుపోతే ఇంకెటు పోతాయి? అందుకే కదా వదిన ఏటా తన కోటు దీనికి చుట్టేది! మాకు చలేస్తే ఓర్చుకుంటాం, దీనికి చలేస్తే కొంప మునుగుతుంది అనేది... ఏదమ్మాయ్, ఆ కోటేదీ?"

కోటేదీ. కోటేదీ.

అత్తగారు వచ్చింది పిల్ల కోసం కాదు, ఎందుకో ఫెంగ్‌ఛిన్‌కి అప్పుడు తెలిసింది. ఆ ఎరుక ఆమెని బతకనివ్వలేదు, చావనివ్వలేదు.

ఊరు విడిచింది. పట్నంలో ఓ హోటల్లో గిన్నెలు తోమి తోమి వయసు రాకుండానే నడుం వంగిపోయింది. మాయ్‌మాయ్ తల్లిని మించి ఎత్తు ఎదిగింది. ఏటా మొదటి గట్టి చలికి మాత్రం ఫెంగ్‌ఛిన్ ఒక దూది కోటు కొని, బస్సెక్కి, చీకటి పడ్డాక ఆ గోడ దగ్గరికి పోతుంది. ఇప్పుడు ఏ బాయిలరూ లేని గొట్టానికి కోటు చుట్టి వస్తుంది. ఊరివాళ్ళు తనని చూసి ఎవరనుకుంటున్నారో ఆమెకి తెలుసు. అనుకోనీ అని ఊరుకుంది.

మొన్నటి చలికాలం కూడా వెళ్ళింది. గోడ దగ్గర మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు. చంకలో కొత్త కోటుతో దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

గొట్టానికి అప్పటికే కోటుంది.

నీలం కోటు. జేబు దగ్గర పూల మాసిక. నడుమ దారం చుట్టి, తిరకాసుగా వేసిన ముడి.

ఫెంగ్‌ఛిన్ మెల్లగా కోటు కిందికి చెయ్యి పోనిచ్చింది.

గొట్టం వెచ్చగా ఉంది.