నాలుగో రీలు కంటే ముందు ఐదోది

"సబ్‌టైటిల్స్ సగానికి కోసేశారు. మేము అక్షరాల నడినెత్తులు చూసి కథ తెలుసుకోవాలా?"

ప్రసీత నాతో అన్న మొదటి మాట అది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ గొంతులో కారం తగ్గలేదు. పక్క గదిలోంచి ఇప్పుడు కూడా వినిపిస్తోంది, ఫోన్లో కూరగాయలవాడితో బేరమాడుతోంది.

అప్పట్లో తలశ్శేరిలో ఆదివారం పొద్దున శోభా టాకీస్ మా ఫిల్మ్ సొసైటీది. తొమ్మిదిన్నరకి ఏదో ఒక దూరదేశం సినిమా, మ్యాట్నీ నుంచి మామూలు సినిమా. నేను వారమంతా రేడియోలు బాగుచేసేవాణ్ణి, ఆదివారం ప్రొజెక్టర్ తిప్పేవాణ్ణి. ప్రొజెక్టర్ గదికి హాలు బయటినుంచి ఇనుప మెట్లు. వాటినెక్కి ఒక అమ్మాయి పైదాకా రావడం అదే మొదలు.

"ఫ్రేమ్ కొంచెం జారిందండీ," అన్నాను.

"కొంచెం కాదు. హీరోయిన్ చచ్చిపోయేముందు ఏం చెప్పిందో హాల్లో ఒక్కరికీ తెలీదు."

"వెళ్ళొస్తానని చెప్పుంటుందిలెండి."

ఆమె నవ్వలేదు. నవ్వు వస్తే మింగేసిందని నా అనుమానం.

"దిగేటప్పుడు చూసుకోండి. కిందనుంచి మూడో మెట్టు జారుతుంది."

"ఫ్రేమూ జారుతుంది, మెట్టూ జారుతుంది. మీ దగ్గర జారనిది ఏదైనా ఉందా?"

అప్పటిదాకా ఒకటి ఉండేది, నా మనసు. అది కూడా ఆ రోజే జారింది. ఆమె ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెబుతుందనీ, పేరు ప్రసీత అనీ మా సొసైటీ సెక్రటరీ కుంజికణ్ణన్ మాష్ చెప్పారు. ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. అడక్కుండానే ఎందుకు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత నెలలో చెక్ దేశం సినిమా ఒకటి వచ్చింది. పేరు 'పదకొండో మెట్టు'.

అసలే మిథున మాసం, వాన కుండపోత. రైలు ఆలస్యం. ఆటోకి ఒకవైపు తెరలేదు. ఆరు రేకు డబ్బాలూ తడిసి, వాటిమీద అంటించిన కాగితాలు ఊడిపోయాయి. ఏది ఎన్నో రీలో చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. మొదటిదానిలో పేర్లున్నాయి, చివరిదానిలో సమాప్తం ఉంది. మధ్యలో నాలుగింటిని వెలుతురుకి ఎత్తి చూసి, బుద్ధికి తోచినట్టు వరుస పెట్టుకున్నాను. హాల్లో అప్పటికే జనం ఈలలు వేస్తున్నారు.

కథ ఒక గడియారాల మెకానిక్‌ది. అనుమానపు మనిషి. ఒక పాత గడియారం ముల్లు వెనక్కి తిప్పితే అతను మళ్ళీ మళ్ళీ ఒకే గురువారానికి వెళ్ళిపోతుంటాడు. ఆ గురువారం అతని భార్య మెట్ల మీంచి పడి చనిపోతుంది. ఎవరు తోశారో వెతికి వెతికి, తోసింది తానేనని చివరికి తెలుసుకుంటాడు. చూస్తుంటే ఎవరో మన తలలో చెయ్యిపెట్టి కెలుకుతున్నట్టు ఉంటుంది. సినిమా అయిపోయాక రెండు నిమిషాలు హాల్లో ఎవరూ లేవలేదు.

మావాళ్ళు అలా ఊరుకునే రకం కాదు. పావుగంటలో ఉస్మానిక్క చాయ్ కొట్టు దగ్గర గొడవ మొదలైంది.

"వెనక్కి వెనక్కి పోతున్నాడు చూడు, వాడే పాత రష్యా," అన్నాడు బ్యాంకు యూనియన్ రాఘవన్.

"ఒకే నేరానికి రెండు శిక్షలు వేయకూడదని చట్టం. ఒకే నేరం రెండుసార్లు చేస్తే ఏంటో మరి," అన్నారు మా సొసైటీ వకీలుగారు.

సినిమా చూడని ఉస్మానిక్క చాయ్ పైనుంచి కిందికి తిరగబోస్తూ, "ఇంతసేపు మాట్లాడారు కదా, ఆ పెళ్ళాం ఏమనుకుందో ఒక్కడైనా అడిగాడా?" అన్నాడు.

చూరు కింద నిలబడ్డ ప్రసీత అప్పుడు మాట్లాడింది. "మధ్యలో ఒక సీను ఉంది. అతను మెట్ల కింద చేతులు చాచి నిలబడతాడు. అంతసేపు ఎందుకు నిలబడ్డాడో మనకి తెలీదు. గడియారం అతన్ని లాక్కుపోతుంది. ఆమెని తోయడం ఆ తర్వాతే వస్తుంది. అంటే, తప్పు చేయకముందే పట్టుకోవడానికి వచ్చాడు. నాకు అది హత్య కథలా లేదు."

"మరి?" అన్నాడు రాఘవన్.

"ప్రేమకథ," అని వానలో గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

సోమవారం రీళ్ళు వెనక్కి చుట్టుతూ ఉంటే నా గుండె జారింది. మూడో రీలు చివర భార్య చేతిలోంచి కప్పు జారుతుంది. అది నేల మీద పడి పగలడం నేను ఐదోదిగా వేసిన రీలు మొదట్లో ఉంది. నేను నాలుగూ ఐదూ తారుమారు చేశాను. అసలు సినిమాలో ముందు తోస్తాడు. తర్వాత పశ్చాత్తాపంతో వచ్చి చేతులు చాస్తాడు. ప్రసీత ప్రేమకథ ఆ దేశం దర్శకుడు తీసింది కాదు, నేను తీసింది.

బుధవారం ఆమె మా రేడియో కొట్టుకి వచ్చింది. సొసైటీ పత్రికకి వ్యాసం రాసిందట.

"ఎవరికీ చూపించలేదు. మీరే మొదట. ఆ మెట్ల సీను మీ చేతుల మీదుగానే నడిచింది కదా," అని, నాకు వినిపించింది. 'క్షమాపణ నేరం తర్వాత రావడం లోకరీతి. ముందే వచ్చి నిలబడితే దాన్ని ప్రేమ అనాలి' అని ఉంది అందులో.

"ఎలా ఉంది?"

చెప్పేయాలనుకున్నాను. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "చాలా బాగుంది," అన్నాను.

శుక్రవారం టిఫిన్ డబ్బాలో కల్లుమ్మక్కాయలు తెచ్చింది, ఆల్చిప్పల్లో బియ్యప్పిండి కూరి వేయించినవి. "మా అమ్మ చేసింది. వ్యాసం అచ్చుకి వెళ్ళింది, అందుకని," అంది. తిన్నాను. ఒక్కటి కూడా వదల్లేదు. పాపంతో పాటు ఆకలి కూడా ఉంటుంది మనిషికి.

శనివారం పత్రిక అందరి చేతికీ వచ్చింది. ఆదివారం చర్చకి త్రిశ్శూరు నుంచి నంబీశన్ ప్రొఫెసర్ వస్తున్నారనీ, రీళ్ళు ఆ తర్వాతే తిరిగి పంపుదామనీ మాష్ ఆనందంగా చెప్పారు. "ఆయన ఈ సినిమాని కలకత్తాలో రెండుసార్లు చూశారట," అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

ఆదివారం హాలు నిండిపోయింది. ప్రొఫెసర్ పత్రిక చేతిలో పట్టుకుని వేదిక మీద నిలబడ్డారు. "ఈ వ్యాసం రాసిన అమ్మాయి వేరే సినిమా చూసినట్టుంది. అతను చేతులు చాచేది హత్య తర్వాత. రాసేముందు కళ్ళు తెరిచి చూడ్డం మంచిది," అన్నారు.

నవ్వులు. వాటిల్లో ఆమె ట్యుటోరియల్ విద్యార్థుల నవ్వులు కూడా ఉన్నాయి. నడి వరసలో ప్రసీత లేచి నిలబడింది. "నేను చూసింది నాకు గుర్తుంది సార్. నేను చూసిందే రాశాను," అంది. మాట గట్టిగానే ఉంది, చేతిలో పత్రికని మాత్రం గొట్టంలా చుట్టేస్తోంది. పైన కంతలోంచి నాకు అది స్పష్టంగా కనిపించింది.

ప్రొజెక్టర్ వెలుతురు పోయే ఆ నాలుగంగుళాల కంతకి నోరు ఆనించి అరిచాను. "ఆవిడ సరిగ్గానే చూసింది మాష్. వరుస తప్పించింది నేను. నాలుగో రీలు కంటే ముందు ఐదోది వేశాను."

మూడు వందల తలలు వెనక్కి తిరిగాయి. ఆ కంతలోంచి సినిమా కాకుండా ఇంకోటి బయటికి రావడం అదే మొదటిసారి. హాలు కూలిపోయేంత నవ్వు. ఈసారి నా మీద. నాకు ప్రాణం తేలికపడింది.

ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"సోమవారం."

"నేను వ్యాసం చదివి వినిపించింది?"

"బుధవారం."

"కల్లుమ్మక్కాయలు?"

"శుక్రవారం."

"అన్నీ తెలిసే తిన్నారా?"

"బాగున్నాయి," అన్నాను. అంతకంటే తెలివైన మాట ఆ నిమిషానికి దొరకలేదు.

ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. "నేను పరువు కోసం ఏడవట్లేదు. నాకు ఆ సినిమా నిజంగా నచ్చింది. అలాంటి మనిషి ఒకడుంటాడని ఈ వారమంతా నమ్మాను. ఇప్పుడు చూస్తే అది మీ పొరపాటు." కళ్ళు తుడుచుకుని, "వేయండి. సరైన వరుసలో, ఇప్పుడే," అని దిగిపోయింది.

మాష్ ఒప్పుకున్నారు. జనమంతా మళ్ళీ కూర్చున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఈసారి వరుస తప్పలేదు. ముందు తోశాడు, తర్వాత చేతులు చాచాడు. ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు.

బయటికి వస్తూ రాఘవన్ పెదవి విరిచాడు. "పోయిన వారం సినిమానే బాగుంది."

"ఇందులో రష్యా లేదా?" అని వకీలుగారు గుచ్చారు.

నేను డబ్బాలు మోసుకుని కిందికి దిగాను, ఆటోలో పెట్టేద్దామని. ఆటో దగ్గర నంబీశన్ ప్రొఫెసర్ నా కోసం కాచుకుని ఉన్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "తమ్ముడూ, సాయంత్రం దాకా ఊళ్ళోనే ఉంటాను. ఆ తప్పు వరుసలో ఒక్కసారి నాకు చూపిస్తావా?"

"ఆ మాట ముందు ఆవిడకి చెప్పండి సార్," అన్నాను.

"చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. నువ్వు దిగడం చూడలేదేమో, నిన్ను వెతుక్కుంటూ ఇప్పుడే పైకి వెళ్ళింది."

తల ఎత్తి చూశాను. ఇనుప మెట్ల పైన ప్రసీత. వాన మళ్ళీ పట్టుకుంది. గొడుగు లేదు. ఆమె దిగడం మొదలుపెట్టింది. డబ్బాలు చూరు కిందకి నెట్టి, మెట్ల దగ్గరికి పరుగెత్తి రెండు చేతులూ చాచి నిలబడ్డాను.

ఆమె ఆగింది. "ఏంటది?"

"మూడో మెట్టు."

"నేనింకా జారలేదు కదా."

"జారాక చాస్తే ఆ దర్శకుడి సినిమా. ముందే చాస్తే మీది."

"తప్పు చేసింది మీరు. పడేది నేనా?"

వాన చొక్కాలోకి కారుతోంది. "వారం రోజులు దాచాను, ప్రసీతా. మీరు కొట్టుకి రావడం మానేస్తారేమోనన్న భయం. నాకు మీరంటే ఇష్టం. ఏ రీలు ముందు వేసినా నాకు చివర్లో అదే వస్తుంది."

ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. చాయ్ కొట్టు చూరు కింద మొత్తం ఫిల్మ్ సొసైటీ నోరు తెరుచుకుని చూస్తోంది, సబ్‌టైటిల్స్ లేని సినిమా చూస్తున్నట్టు.

"చేతులు నొప్పి పుట్టట్లేదా?" అంది.

"పుడుతున్నాయి."

"అయితే దించకండి," అని మూడో మెట్టు జాగ్రత్తగా దాటి, రెండోదాని మీద నిలబడింది. "సజీవేట్టా," అంది.

మా వైపు వయసులో పెద్దవాణ్ణి ఎవర్నయినా పేరుకి ఏట్టా చేర్చి అంటారు, మొగుణ్ణి కూడా అలాగే పిలుస్తారు. ఆ పిలుపు ఏ రకందో చాయ్ కొట్టు దగ్గరున్న ఉస్మానిక్కకి కూడా అర్థమైంది. ఆ రోజు అందరికీ చాయ్ ఊరికే పోశాడు.

శోభా టాకీస్ కూల్చేసి పదిహేనేళ్ళయింది. ఆ మెట్లు పాత ఇనుము కింద ఏ ఊరు పోయాయో. మాష్ లేరు, ఉస్మానిక్క లేడు. ఒక్కోసారి ఒంటరిగా ఉన్నప్పుడు ఆ వాన చప్పుడు వినబడుతుంది, ప్రొజెక్టర్లో కార్బన్ కడ్డీలు కాలే వాసన వస్తుంది.

మొన్న మా అమ్మాయి ఆ సినిమాని ఎక్కడినుంచో సంపాదించింది. శుభ్రంగా కడిగిన బొమ్మ, ఒక్క గీత కూడా లేదు. ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. భార్య చేతిలోంచి కప్పు జారగానే ప్రసీత రిమోట్ అందుకుని బొమ్మని ముందుకి పరుగెత్తించింది.

"అమ్మా, మధ్యలో కథంతా వదిలేశావు," అంది అమ్మాయి.

"వదల్లేదు, తర్వాత వస్తుంది," అంది ప్రసీత. తెర మీద అతను మెట్ల కింద చేతులు చాచి నిలబడ్డాడు. "ముందు ఈయన వచ్చి నిలబడతాడు. మీ నాన్న వరుస ఇదే."

చీకట్లో ఆమె చెయ్యి నా చెయ్యిని వెతుక్కుంది. నాది అప్పటికే చాచి ఉంది.