సాయర్స్ మలుపులో సెకండ్ గేరు

చీకటి పడ్డాక సాయర్స్ మలుపు దగ్గర ఎవరూ ఆగరు. కురాంగ్ ఊళ్ళో పాలవ్యాను నడిపే మొండిఘటం కూడా అక్కడికి రాగానే అద్దాలెత్తి, రేడియో పెంచి దాటేస్తాడట. ఎందుకంటే... అక్కడ కారు లేకుండా కారు చప్పుడు వస్తుంది.

ఏదో ఒక కారైతే జనం పట్టించుకునేవారు కాదు. అది క్లారీ పాస్కో అనే ఆయన పాతకాలం కారు చప్పుడు. క్లారీ పోయి రెండు చలికాలాలైంది.

"మూలుగుతూ కొండెక్కుతుంది," అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. "మధ్యమధ్య టిక్... టిక్... అంటుంది."

ఈ సంగతి క్లారీ భార్య నోలీన్ చెవిన మాత్రం పడలేదు. ఊరంతా జాలిపడి దాచిపెట్టారు. ఆవిడ వేరే గొడవలో ఉంది — వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి, అదే కారు గేర్‌బాక్స్ విప్పుకుని కూర్చుంది. వసంతంలో పాత కార్ల క్లబ్బు వాళ్ళంతా వరసగా కొండ దాటే యాత్ర ఉంది. క్లారీ ఒక్క ఏడూ మానలేదు. ఈసారి తనే నడుపుతానని ఆవిడ పంతం పట్టింది.

బేరింగులు కొత్తవి వెయ్యడానికి పేచీ లేదు. పేచీ అంతా సెకండ్ గేరు దగ్గర.

"ఇది పనికిరాదు వదినా," అన్నాడు కెల్విన్. క్లారీ తమ్ముడు, నగరంలో బతుకంతా గేర్‌బాక్సులు బాగుచేసినవాడు. "ఈ పన్ను చూడు, పెచ్చూడిపోయింది. మిగతావి ఏటవాలుగా అరిగాయి. దిగుడులో గేరు తన్నుకుని బయటికొస్తుంది. ఆ బ్రేకులు నీ మాట వింటాయా? నేరుగా లోయలో తేలతావు."

"మీ అన్నయ్య దీంతోనే దిగలేదూ?"

"దిగాడు, మహానుభావుడు. నువ్వు దిగొద్దు. దీని జత గేరు కూడా మార్చాలి. ఒకదాన్నొకటి అరగదీసుకుని అలవాటుపడ్డాయి. పాతదాని పక్కన కొత్తది పెడితే రెండూ చెడతాయి."

"అన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకా చెబుతున్నావ్?" అంది నోలీన్.

నిజానికి ఆవిడ పాతదే వెయ్యాలనుకోవడానికి కారణం వేరు. ఆ పెచ్చూడిన పన్ను టిక్కుటిక్కుమంటూ మలుపు దాటి ఇంటివైపు తిరిగితే, ఆవిడ పెనం మీద మటన్ చాప్స్ వేసేది. క్లారీ చెప్పులు విప్పేసరికి అవి వేగేవి. ఆ చప్పుడు పోతే మనిషి ఇంకోసారి పోయినట్టే అనిపించేది ఆవిడకి.

ఇంకో చిన్న ముల్లు కూడా ఉంది. ఆ పన్ను విరగ్గొట్టింది నోలీనే అని క్లారీ చచ్చేదాకా ఊరందరికీ చెప్పాడు. "నా చేతిలో గేరు ఒక్కసారి కరకరలాడితే చూపించండి!" అనేవాడు. ఆవిడ ఒక్కసారే ఆ కారు నడిపింది, పంటినొప్పికి డాక్టరు దగ్గరకెళ్ళడానికి. నోట్లో పన్ను పోయింది, గేరు పన్ను నింద వచ్చింది.

ఆ సాయంత్రం కెల్విన్ బీరు తాగడానికి నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాడు. కాసేపటికే పరుగెత్తుకుంటూ వచ్చాడు. బీరు తాగలేదు. అది చూసే నోలీన్‌కి భయమేసింది.

"వదినా... అన్నయ్య..."

"ఏ అన్నయ్య?"

"నాకున్నది ఒక్కడే కదా! మలుపు దగ్గర... సెకండ్‌లో ఎక్కుతున్నాడు. ఆ టిక్‌తో సహా."

నోలీన్ బల్ల వైపు చూసింది. సెకండ్ గేరు సాసర్లో నూనె కారుస్తూ బుద్ధిగా కూర్చుని ఉంది.

"గేరు ఇక్కడుంటే అక్కడెలా మోగుతుందయ్యా?"

"నేనూ అదే కదా అంటున్నది! పాతదే వేసెయ్ వదినా. బంగారం లాంటి గేరు. కొత్తది వెయ్యమన్న వెధవెవడు?"

ఆవిడ కోటు తొడుక్కుంది. టార్చి తీసుకుంది. ఒకవేళ ఆయన అడుగుతాడేమోనని గేరు కూడా జేబులో వేసుకుంది.

మలుపు దగ్గర చలి ఎముకలు కొరుకుతోంది. చెట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి... చుట్టూ ఇంకే అలికిడీ లేదు.

అప్పుడు వినిపించింది.

ఊఁ... ఊఁఊఁ... టిక్. ఊఁఊఁఊఁ... టిక్.

కారు లేదు. లైట్లు లేవు. చప్పుడు మాత్రం కొండెక్కుతోంది. జేబులో ఆవిడ చెయ్యి గేరుని గట్టిగా పట్టుకుంది.

"క్లారీ?" అంది మెల్లిగా.

చప్పుడు ఆగిపోయింది.

కర్ర్ర్ర్‌ర్ర్... కరకరా!

ఆ వెంటనే, చీకట్లోంచి, క్లారీ బొంగురు గొంతు — "ఓరి నీ యబ్బ!"

ఆవిడ టార్చి వేసింది. కుళ్ళిన దుంగ మీద, కోడిపుంజంత గోధుమరంగు పక్షి. పొడుగాటి తోకని తల మీదికి గొడుగులా వాల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. మూలుగు, టిక్, కరకర, తిట్టు.

లైర్‌బర్డ్! గొడ్డలి దెబ్బ నుంచి కుక్క అరుపు దాకా విన్నదల్లా అప్పజెప్పే పక్షి. పట్టపగలైతే ఊళ్ళో చిన్నపిల్లలు కూడా పోల్చుకుందురు. చీకట్లో మాత్రం పెద్దవాళ్ళకి ముందు దెయ్యమే తడుతుంది.

"దొరికావురా, దొంగమొహమా!" అంది నోలీన్. పక్షిని కాదు, క్లారీని. అది ఒకసారి విని నేర్చుకున్న పాఠంలా లేదు. రోజూ ఈ మలుపులో గేరు మార్చబోయి, కరకరలాడించి, తిట్టుకుని, ఇంటికొచ్చి ఆవిడ మీద నెట్టాడన్నమాట!

ఆవిడకి నవ్వొచ్చింది. పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పక్షి తల పక్కకి వంచి విన్నది.

మర్నాడే కొత్త జత గేర్లు తెప్పించమంది. పాతదే వెయ్యమని కెల్విన్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "చప్పుడు భద్రంగానే ఉందిలే," అంది ఆవిడ. అంతకుమించి చెప్పలేదు. వసంతంలో కారు పిల్లిలా కొండెక్కి, పిల్లిలా దిగింది.

మరుసటి చలికాలం కెల్విన్ మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బీరుకి బయలుదేరాడు. మళ్ళీ తాగకుండా ఉరికొచ్చాడు.

"వదినా! ఇప్పుడక్కడ ఇద్దరున్నారు! అన్నయ్య తిడుతున్నాడు... ఆ వెంటనే ఎవరో ఆడమనిషి పడీపడీ నవ్వుతోంది. ఎవరావిడ?"

నోలీన్ పెనం మీద చాప్స్ తిప్పింది.

"ఇంకెవరు, ఆయన పెళ్ళాం."