చక్రాలమ్మాయి బ్లేడ్లు

"అయ్యయ్యో! ఆగండి, ఆగండి! ఇంకొక్క అడుగు కూడా వెయ్యకండి!"

ఆ కేక పెట్టినవాడు ఐసు హాకీ హాల్లో స్కేట్లకి పదును పెట్టే కుర్రాడు. టీంలో ఆడతాడు కూడా. అందరూ సానబాబు అంటారు. పొద్దున్నే సాన మిషను తుడుచుకుంటూ తలెత్తేసరికి, ఒకమ్మాయి ఐసు స్కేట్లు తొడుక్కుని సిమెంటు నేల మీద టకటకా నడిచొచ్చేస్తోంది. అడుగడుక్కీ బ్లేడు కరకరమంటుంటే మనవాడి పళ్ళు జివ్వుమన్నాయి.

ఆ అమ్మాయి ఒక కాలు గాల్లో ఉంచి ఆగిపోయింది. "ఏంటండీ? పామా?"

"పామైనా నయమే! బ్లేడ్లతో సిమెంటు మీద నడుస్తారా ఎవరైనా? వాటికి తొడుగులుంటాయి కదా!"

"నాకేం తెలుసు? మాకు చక్రాలు. గదిలో తొడుక్కుని, వరండా దాటి, నేరుగా ఆటలోకి వెళ్ళిపోతాం. తొమ్మిదేళ్ళుగా ఆడుతున్నాను, ఒక్కరూ ఇలా కేకలెయ్యలేదు."

"చక్రాలా?"

"రోలర్ హాకీ." గాల్లో ఉన్న కాలు చూపించింది. "ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టమంటారు?"

మనవాడు పరుగున వెళ్ళి రబ్బరు పట్టా తెచ్చి పరిచాడు. ఆ అమ్మాయి మహారాణిలా దాని మీద కాలు మోపింది. తొలి పరిచయం అలా జరిగింది.

సంగతేంటంటే, పక్కవీధిలో ఉన్న రోలర్ హాలు పైకప్పు కారి, నేలంతా ఉబ్బిపోయింది. బాగు చెయ్యడానికి నాలుగు నెలలు పడుతుందన్నారు. ఆడకుండా నాలుగు నెలలు ఉండటం ఆ అమ్మాయి వల్ల కాలేదు. ఇక్కడేమో ఐసు టీంలో ఒక ఆటగాడు వేరే ఊరికి మారిపోయాడు. కోచ్, అంటే సానబాబుకి సొంత మేనమామ, ఆ అమ్మాయికి మూడు వారాలు గడువిచ్చాడు. మూడో శనివారం పరీక్ష. నెగ్గితే ఆ నెలాఖరు మ్యాచ్‌లో చోటు. లేకపోతే వేరే క్లబ్బు నుంచి ఇంకొకర్ని తెచ్చుకుంటారు.

"మా మేనల్లుడు నేర్పిస్తాడమ్మా," అన్నాడు మామయ్య. మేనల్లుణ్ణి అడగలేదు. అడిగినా కాదనేవాడు కాదు లెండి.

మర్నాటి నుంచి పాఠాలు. ఎవరు ఎవరికి చెబుతున్నారో మాత్రం అర్థమయ్యేది కాదు.

"మీరు కర్రతో కొట్టే ఈ బిళ్ళేంటండీ, ఇంత బరువుంది? మాది ప్లాస్టిక్. తేలిగ్గా ఉంటుంది."

"ఇది గట్టి రబ్బరు. పైగా ఆటకి ముందు ఫ్రిజ్‌లో పెడతాం, ఎగరకుండా."

"ఫ్రిజ్‌లోనా! ఇంకేం పెడతారు, స్కేట్లు కూడానా?"

"ఆ నీలిగీత చూడండి. బిళ్ళ కంటే ముందు మీరు అది దాటకూడదు."

"మా దగ్గర అదేం లేదు. ఎవరిష్టం వచ్చిన చోట వాళ్ళుంటాం. గోల్‌కీపరు కాకుండా నలుగురమే కదా, బోలెడు చోటు. ముందుకి దారి లేకపోతే బిళ్ళ తీసుకుని వెనక్కి తిరిగి మళ్ళీ మొదలెడతాం. మీరేమో ఐదుగురు, రైలు తప్పిపోతుందన్నట్టు ఒకటే పరుగు."

మనవాడికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆడుతున్నాడు, తన ఆట గురించి ఇంత నిజం ఎవరూ చెప్పలేదు.

అన్నీ వచ్చాయి గానీ ఆగడం రాలేదు. చక్రం నేలని గట్టిగా పట్టుకుంటుంది, పక్కకి ఓ పట్టాన జారదు. అందుకని చక్రాల వాళ్ళు చిన్న చుట్టు తిరిగి ఆగుతారు. ఐసు మీదైతే రెండు బ్లేడ్లూ ఒక్కసారి అడ్డంగా తిప్పి, ఐసుని గీకుతూ ఆగాలి. ఆ అమ్మాయి తిప్పగానే అంచు ఐసులో కరుచుకునేది, మనిషి ఎగిరి అవతల పడేది. వారం తిరక్కుండా మోచెయ్యి వాచింది, మోకాలు నల్లబడింది. అయినా లేచి, ఐసు దులుపుకుని, "ఇంకోసారి," అనేది.

మనవాడు చూడలేకపోయాడు. అక్కడే తప్పు చేశాడు.

బ్లేడు అడుగున నిలువునా సన్నటి గాడి ఉంటుంది. గాడి లోతుగా ఉంటే రెండు అంచులూ ఐసుని గట్టిగా పట్టుకుంటాయి. లోతు తగ్గిస్తే బ్లేడు సులువుగా జారుతుంది, ఆగడం తేలికవుతుంది. మనవాడు ఆ అమ్మాయి స్కేట్లు పదును పెట్టేటప్పుడు చెప్పాపెట్టకుండా గాడి బాగా తగ్గించేశాడు. టీంలో ఒక నియమం ఉంది: ఆటగాడికి చెప్పకుండా గాడి మార్చకూడదు. ఆ నియమం గోడ మీద రాసి అంటించింది కూడా మనవాడే.

మర్నాడు ఆ అమ్మాయి గీత దగ్గర కాళ్ళు తిప్పింది. తెల్లటి పొడి లేచింది, నిలబడింది.

"వచ్చేసింది! సానబాబూ, నాకొచ్చేసింది!"

ఆ మొహంలో సంతోషం చూశాక అసలు సంగతి చెప్పడానికి మనవాడికి నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు రానే లేదు. పైగా ఆ అమ్మాయి పనిచేసేది కళ్ళద్దాల షాపులో, లెన్సులు అరగదీసే మిషను మీద.

"మీదీ నాదీ ఒకటే పని," అంది ఓ సాయంత్రం కౌంటర్ మీద మోచేతులు ఆనించి. "వంపు వెంట్రుకవాసి తేడా వచ్చినా మనిషికి లోకం తేడాగా కనిపిస్తుంది. అందుకే నా స్కేట్లు ఇంకెవరికీ ఇవ్వను. మీ చెయ్యి మీద నాకు నమ్మకం."

మనవాడు తల దించుకుని సాన మిషను తుడవడం మొదలెట్టాడు.

శనివారం రానే వచ్చింది. టీం అంతా అంచున వరసగా నిలబడింది. మామయ్య ఐసు మీద ఆరు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాడు. వాటి మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ వెళ్ళి, అవతల గీత దగ్గర ఆగాలి. ప్రాక్టీసులో ఆ అమ్మాయి ఎప్పుడూ ఇలాంటి మలుపులు వేగంగా తిరగలేదు. విజిల్ మోగగానే ఆ అమ్మాయి దూసుకుపోయింది. మొదటి మలుపులో, చక్రాల మీద అలవాటైనట్టే ఒళ్ళంతా లోపలికి వంచింది. చక్రాలైతే పట్టుకునేవి. ఆ బ్లేడ్లు పట్టుకోలేదు. కాళ్ళు ఒకవైపు, మనిషి ఒకవైపు. లేచి మళ్ళీ వెళ్ళింది. మూడో మలుపులో మళ్ళీ పడింది.

ఈసారి "ఇంకోసారి" అనలేదు. మెల్లగా అంచుకొచ్చి హెల్మెట్ తీసింది.

"క్షమించండి మాస్టారూ. తప్పు నాదే. ఈ ఆట నాకు రాదు. మీరు వేరేవాళ్ళని చూసుకోండి."

మామయ్య నిట్టూర్చాడు. అప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ తొమ్మిదేళ్ళు ఆడిన మనిషి తనకి ఆట రాదనుకుని వెళ్ళిపోతుంది. మనవాడు ముందుకొచ్చాడు.

"ఆవిడ తప్పు కాదు మామయ్యా. నాది. గాడి తగ్గించాను. ఆవిడకి చెప్పలేదు."

మామయ్య ఒంటికాలి మీద లేచాడు. "బుద్ధుందా నీకు? గోడ మీద రాసింది ఎవర్రా?"

"నేనే."

"మరి ఎందుకు చేశావు?"

"రోజూ పడుతోంది. చూడలేకపోయాను."

"ఇక్కడ పడనివాడెవడు? ఇదుగో, వీడు పోయినేడు పన్ను విరగ్గొట్టుకున్నాడు. వీడి బ్లేడ్లు ముట్టుకున్నావా?"

"లేదు."

"మరి ఈ అమ్మాయివే ఎందుకురా?"

మనవాడు నోరు తెరిచాడు. మూశాడు. చెవులు ఎర్రగా అయ్యాయి. పన్ను విరిగినాయన ముందు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. నవ్వనిది ఇద్దరే. ఒకడు మనవాడు. రెండోది ఆ అమ్మాయి.

ఆమె వంగి స్కేట్లు విప్పింది. తీసుకొచ్చి అతని గుండెకి ఆనించి గట్టిగా నెట్టింది. "అందరికీ పెట్టే పదునే పెట్టి తీసుకురండి. పది నిమిషాలు."

పది నిమిషాల తర్వాత మళ్ళీ విజిల్. ఆరు డబ్బాల మధ్య ఒక్కటి కూడా తగలకుండా వెళ్ళింది. ఇక ఆగాలి. కొత్త అంచుతో అడ్డంగా తిప్పితే ఎగిరి పడుతుందని ఆమెకీ తెలుసు. తిప్పలేదు. గీత ముందు చిన్న చుట్టు తిరిగి, వాళ్ళ ఆటలోలాగే సరిగ్గా గీత మీద నిలబడింది.

"ఐసు మీద అలా ఆగరమ్మా," అన్నాడు మామయ్య.

"ఆగానుగా మాస్టారూ?"

మామయ్య గడ్డం గోక్కున్నాడు. "ఆగావు. టీంలో ఉన్నావు. ఒరేయ్, నువ్వు లేవు. ఈ మ్యాచ్ బెంచీ మీద కూర్చుని చూడు."

మ్యాచ్ దాకా ఆ అమ్మాయి అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. పదును పెడుతుంటే ఎదురుగా నిలబడి చూసేది. అయ్యాక షాపు నుంచి తెచ్చుకున్న భూతద్దం పెట్టి రెండు అంచులూ పరీక్షించి, "సరే," అనేది. ఆ ఒక్క మాట కోసం మనవాడు రోజంతా ఎదురుచూసేవాడు. ఏం చేస్తాడు మరి, చేసుకున్నదే.

మ్యాచ్‌లో ఆమె రెండుసార్లు బిళ్ళ కంటే ముందే నీలిగీత దాటింది, రెండుసార్లూ విజిల్ పడింది. బెంచీ మీద మనవాడు తల పట్టుకున్నాడు. ఆట చివర్లో బిళ్ళ ఆమెకి దొరికింది. ముందు ముగ్గురు అడ్డం. "కొట్టు! ముందుకి కొట్టు!" అని అందరూ అరుస్తున్నారు. ఆమె తీరిగ్గా వెనక్కి తిరిగింది. వాళ్ళు ముగ్గురూ ఆమె వెంట పడ్డారు. అవతల ఒంటరిగా నిలబడ్డ పన్ను విరిగినాయనకి బిళ్ళ అందించింది. ఆయన గోల్ కొట్టాడు. ఓడిపోవాల్సిన ఆట సమానమైంది.

అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుస్తుంటే, ఆమె తిన్నగా బెంచీ దగ్గరికొచ్చింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"ఆ రోజు మీ మామయ్య అడిగినదానికి జవాబు చెప్పలేదు మీరు."

"అందరికీ అర్థమైందిగా," నసిగాడు మనవాడు.

"అందరికీ అర్థమైతే నాకేంటి? నాకు చెప్పకుండా చెయ్యడమే కదా మీ జబ్బు. ఇది కూడా చెప్పకుండానే చేస్తారా?"

మనవాడు లేచి నిలబడ్డాడు. "మీరంటే నాకిష్టం. రబ్బరు పట్టా మీద కాలు పెట్టినప్పటి నుంచీ. గాడి సంగతి చెప్పకపోవడం తప్పు. మీ మొహంలో సంతోషం పోతుందని చెప్పలేకపోయాను."

"నేను తెగ ఏడ్చాను ఆ రోజు. ఆట రాదేమోనని కాదు. మీరు నన్ను నమ్మలేదని."

"ఇప్పుడు నమ్ముతున్నాను."

"నాకూ మీరంటే ఇష్టమే," అంది, గ్లవ్స్ విప్పుతూ. "కానీ ఇంకోసారి నా మంచి కోసమని నాకు తెలియకుండా ఏమైనా చేశారో, మాట్లాడటం మానెయ్యను. రోజంతా మాట్లాడుతూనే ఉంటాను. అదెంత కష్టమో మా అమ్మనడగండి."

"అడుగుతాను. ఎప్పుడు రమ్మంటారు?"

మాటకి మాట తడుముకోకుండా చెప్పే ఆ అమ్మాయి తల దించుకుంది. చేతిలో గ్లవ్ అటూ ఇటూ తిప్పింది.

వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది. "ఆదివారం ప్రాక్టీసు లేదురా. నేనూ, మీ అమ్మా వస్తాం. ఏమ్మా, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఉంచుతావా?"

"చెప్పేశాను మాస్టారూ," అంది ఆ అమ్మాయి. "పరీక్ష జరిగిన శనివారమే."