ఊపిరి టీకా

పందికి సూది వెయ్యడం ఎప్పుడూ చూడనివాళ్ళు అది డాక్టర్ల పని అనుకుంటారు. అది కుస్తీ. ఒకడు పై దవడకు ఉచ్చు బిగించి లాగాలి, ఇద్దరు వెనక్కాళ్ళు పట్టుకోవాలి, నాలుగోవాడు చెవి వెనక కండలోకి సూది దించాలి. అంతసేపూ ఆ జీవి పెట్టే అరుపుకు చెవులు గింగుర్లెత్తిపోతాయి. గొడుగులపాడు చివర ఎరుకల కాలనీలో ఆ ఉదయం మూడో సూది కూడా లోపలే విరిగింది. ఉచ్చు పట్టిన కావడి ఏసోబు చూపుడువేలు కొస పంది నోట్లోకి పోయింది.

డాక్టర్ కస్తూరి అతని చేతికి తువ్వాలు చుట్టి కట్టింది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. చూసుకుని, ఉచ్చు తీసి అవతల పారేసింది.

"అనుమతి వచ్చింది ఏసోబూ. ఇంక సూదుల్లేవు. నీ ఇరవై మూడు పందుల్లో ఒక్కదానికి మందు కుడితిలో కలిపి పెడితే చాలు."

"మిగతావాటికి?"

"అది ఊపిరి వదులుతుంది, ఇవి పీలుస్తాయి."

"ఈ ముక్క వేలు పోకముందు రావాల్సింది డాక్టరమ్మా," అన్నాడు ఏసోబు.

ఇది రెండువేల నలభై ఒకటో సంవత్సరం. గాలికుంటు అంటే గిట్టల మధ్య పుళ్ళు, నోట చొంగ అని మన పెద్దలకు తెలుసు. ఇప్పుడొచ్చిన రకం అక్కడితో ఆగడం లేదు, అయిదు రోజుల్లో ఎద్దు గుండెనే ఆపేస్తోంది. ఈ వైరస్‌ను గాల్లోకి వదలడంలో పందిని మించింది లేదు. ఆవు కంటే వందల రెట్లు వదులుతుంది. కస్తూరి ఆ చెడ్డ గుణాన్నే పనికి పెట్టింది. కోరలు పీకిన వైరస్‌ను పందికి తినిపిస్తే, పంది దాన్ని పెంచి ఊపిరితో వదులుతుంది. ఆ గాలిని పది రోజులు పీల్చిన పశువుకు అసలు రోగం అంటదు. అయితే షరతు ఒకటుంది. పందులు మందగా ఉండి ఒకదాని ఊపిరి ఒకటి పీల్చుకుంటూ ఉండాలి. విడిపోయిన పందిలో ఆ బలహీనపు వైరస్ రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

నాలుగో రోజుకి ఊళ్ళో మాట పాకింది: డాక్టరమ్మ పందులకు గాలికుంటు ఎక్కించిందంట! సగం నిజం కావడంతో ఇంకా వేగంగా పాకింది. పట్టపగలే వందమంది కర్రలూ గునపాలూ పట్టుకుని కాలనీ మీద పడ్డారు. ముందు సర్పంచ్ వీరాంజనేయులు. బండలాగుడు పందేల్లో అతని ఎద్దులకు జిల్లాలో ఎదురు లేదు.

గునపం మొదటి పంది డొక్కలో దిగింది. తర్వాత లెక్కలేదు. నెత్తుటి బురదలో జారిపడ్డవాడు లేచి మళ్ళీ కొట్టాడు. ఏసోబు అడ్డం పడితే అతని ముంజేతి మీద దుడ్డుకర్ర పడింది. ఎముక విరిగిన చప్పుడు నలుగురికీ వినిపించింది. ఎవడో కస్తూరి మందుపెట్టెను రాయేసి నుజ్జు చేశాడు. జిల్లాలో ఉన్న టీకా అంతా అందులోనే ఉంది. ఇప్పుడది బతికున్న పందుల ఊపిరితిత్తుల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

"ఆపండ్రా మూర్ఖుల్లారా! అది రోగం కాదు, మందు!" కస్తూరి గొంతు చిరిగేలా అరిచింది. "ఈ పందులు పక్కనుంటే మీ ఎద్దులు బతుకుతాయి!"

కర్రలు ఆగాయి.

"అంటే, కొట్టంలో కట్టేసుకుంటే?" అడిగాడు వీరాంజనేయులు.

"విడదీయకూడదు. పందుల మంద మొత్తం ఒక్కచోటే..."

ఆ మాట ఎవడికి కావాలి? కట్టేసుకోవచ్చని విన్నారు, అంతే. మిగిలినవి పద్నాలుగు పందులు, వచ్చింది వందమంది. రోగమనుకున్నప్పుడు పందుల్ని కొట్టారు, మందని తెలిశాక ఒకర్నొకరు కొట్టుకున్నారు. ఒక పందిని ఇద్దరు వియ్యంకులు చెరో కాలూ పట్టి గుంజుతుంటే, చిన్న వియ్యంకుడు పెద్దాయన పొట్టలో కొడవలి దించాడు. కూతురి మామగారే! నెలరోజుల కిందట ఇద్దరూ ఒకే బంతిలో కూచుని పెళ్ళిభోజనం చేశారు. నాకు ఆ పందుల మీద కలిగిన జాలి వాళ్ళ మీద కలగలేదు.

సాయంత్రానికి పద్నాలుగు కొట్టాల్లో పద్నాలుగు పందులు. వీరాంజనేయులి కొట్టంలో పందిని నలుగురు అదిమిపట్టి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఫ్యాన్ కూడా బిగించారు. మర్నాడు పొద్దున్నే కస్తూరి, చేతికి కట్టుతో ఏసోబు, ఆ గుమ్మం ముందు నిలబడ్డారు.

"పక్క ఊళ్ళో రోగం దిగింది సర్పంచ్ గారూ. రేపటికల్లా పందులన్నీ ఒకచోట చేరకపోతే టీకా ఆరిపోతుంది. మీ కొట్టం పెద్దది, అందర్నీ ఒప్పించి పందుల్ని ఇక్కడికి తెప్పించండి, ఊరి పశువుల్ని చుట్టూ కట్టించండి. దెబ్బలు తిన్న పందులు, ఏసోబును తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వవు. అతనూ ఇక్కడే ఉండాలి."

"నా పందులయ్యా," అన్నాడు ఏసోబు. "పది రోజులు కాస్కుంటా. తర్వాత తోలుకుపోతా."

వీరాంజనేయులు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "పందులంటే సరే. మందు కాబట్టి తప్పదు. మరి నువ్వు... మా కొట్టంలోకా? ఇంటాడోళ్ళు తిరిగే చోటు. పెద్దల్నడగాలబ్బాయ్."

"అడిగే టైం లేదండీ!" అంది కస్తూరి.

పెద్దలు కూచున్నారు. పంది లోపలికి రావచ్చన్నదాంట్లో ఒక్కడికీ అభ్యంతరం లేదు. ఏసోబు రావచ్చా అన్నదాని మీదే రెండు రోజులు నడిచింది. గోడ బయట నిలబడి తోలమన్నారు కొందరు. పంది మాట వినే మనిషి మన కులంలో ఎవరన్నా దొరుకుతారేమో చూద్దామన్నాడొకాయన. చివరికి ఏకగ్రీవంగా తీర్మానించారు: పందులు లోపల, ఏసోబు బయట. అప్పటికి పందుల ఊపిరిలో మందు మిగల్లేదు.

ఆరోజే పందెపు ఎద్దు నోట చొంగ కారింది. ఊరంతా అంతే అయింది. గిట్టలు ఊడిన ఎద్దులు మోకాళ్ళ మీద పాకాయి. బాధ తాళలేక ఒకటి గోడకేసి తల బాదుకుని కొమ్ము విరగ్గొట్టుకుంది. అయిదో రోజు వీరాంజనేయులి ఎద్దు కొట్టం మధ్యలో కూలింది. అతను దాని మెడ కావలించుకుని పసిబిడ్డలా ఏడ్చాడు.

మధ్యాహ్నానికి కళేబరం వాసన మొదలైంది. అప్పుడు మనిషిని పంపి ఏసోబును పిలిపించాడు. చచ్చిన గొడ్డును లాగడానికి అతను లోపలికి రావచ్చు. దానికి పెద్దలు కూచోనక్కర్లేదు, తీర్మానమూ అక్కర్లేదు. వీరాంజనేయులే తలుపు బార్లా తెరిచాడు.

ఏసోబు లోపలికొచ్చాడు. ఎద్దును చుట్టి వెళ్ళి, బాగున్న చేత్తో పంది తాడు విప్పాడు. అది మూలుగుతూ అతని కాళ్ళకు మూతి రుద్దింది.

"ఏరా, మరి ఎద్దు?" అన్నాడు వీరాంజనేయులు.

"పెద్దల్నడగండయ్యా," అని, పందిని తోలుకుని ఏసోబు వీధి మధ్యగా నడిచి వెళ్ళిపోయాడు.