మూతబండ వాళ్ల పాతర

ఆదోని పత్తి బజారులో మా అంగడి మీద ‘మూతబండ’ అని రాసి ఉండేది. అలాంటి ఇంటిపేరు ఇంకెవరికీ లేదని నాకు కొంచెం గర్వం కూడా. నా కూతురు సులోచనను తన కొడుక్కి అడగడానికి ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పాండురంగయ్య తమ ఇంటిపేరు ‘మూతబండి’ అనగానే, మా అమ్మ తాంబూలం తట్ట వెనక్కి లాక్కుంది.

“ఒకే ఇల్లయితే పిల్లలు అన్నాచెల్లెళ్లవుతారు గోపాలా. తేల్చుకొని రాపో.”

పాండురంగయ్య తాత పెద్ద కరువులో పసివాడుగా ఎమ్మిగనూరు చేరి, పెంచినవాళ్ల గోత్రమే చెప్పుకున్నాడట. కాబట్టి గోత్రం అడిగి లాభం లేదు. ఆయన కొడుకు జయరాం మాత్రం నా బిడ్డకు నచ్చాడు. అందుకని పాండురంగయ్య, నేను మా బండివాడు బజారి చేత ఎద్దులబండి కట్టించుకొని, అక్కడెవరికైనా తెలుస్తుందేమోనని దేవనకొండ పక్కన మా పెద్దలు వదిలేసిన ఊరికి పోయాం.

మిట్టమధ్యాహ్నం. మా పెద్దల మిద్దె కూలిపోయి ఉంది. వాకిట్లో జొన్నలు దాచడానికి నేలలోకి లోతుగా తవ్విన పాతర, దాని నోటి మీద గుండ్రటి బండ. పక్కింటి ముసలి భీమక్క గోడ నీడలోంచి లేవకుండానే మాట్లాడింది.

“పాతరలో దిగినోళ్లను పైనుంచి పిలుస్తానే ఉండాల. వాళ్లు ఊ అంటాండాల. ఊ ఆగిందంటే చెడుగాలి తగిలినట్టే, తాడు లాగాల. కరువులో ఈ ఇంటి కోడలు దిగినాది. ఊ ఆగినాది. వీళ్లు తాడు లాగలేదు. బండ మూసి ఊరిడిసి పోయినారు. ఒక తమ్ముడు ఆదోనికి పోయినాడు. ఇంకొకడు యాడికి పోయినాడో!”

గొంతు తగ్గించింది.

“పిలిసి సూడండప్పా. ఏ పేరైనా సరే. ఆ ఇంటి గొంతుకైతే ఆయమ్మ పలుకుతాది. మాకు పలకదు.”

నాకు నవ్వొచ్చింది. సంబంధం కుదరాలంటే పురోహితుడు చాలడు, పాతర కూడా ఒప్పుకోవాలి కాబోలు అన్నాను. బజారి, నేను బండ జరిపాం. ముక్కిపోయిన జొన్నల వాసన... అంత ఎండలోనూ నా చేతుల మీద వెంట్రుకలు నిక్కాయి. వంగి, ఏ పేరూ తోచక, “అమ్మా,” అన్నాను.

పాతర నోటికి చెవి ఒగ్గాను.

“ఊ...”

అలసిన ఆడగొంతు.

నేను వెల్లకిలా పడ్డాను. పాండురంగయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా కొడుకు పెళ్లి కదా, వంగి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గొంతు చించుకొని అరిచాడు.

పలకలేదు.

“వేరే ఇల్లే బావా!” అంటూ నన్ను వాటేసుకున్నాడు. ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది. బండ మూసి బయలుదేరాం. ఊరు దాటాక బజారి ఎద్దులను అదిలిస్తూ గొణిగాడు.

“ఏందప్పా, బండి ఇంత బరువైపాయె?”

దానికీ నవ్వుకున్నాం.

పెళ్లి ఆదోనిలో ఘనంగా జరిగింది. మరునాడు పొద్దువాలే వేళకు బిడ్డను ఎమ్మిగనూరు తీసుకుపోయాం. జయరాం అక్కలు గడపకు అడ్డం నిలబడి, పెళ్లాన్ని పేరు పెట్టి పిలిస్తేనే దారి ఇస్తామన్నారు. అతడు సిగ్గుపడుతూ, “సులోచనా,” అన్నాడు.

“ఊ...”

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. కొత్తకోడలికి ఎంత తొందరో అన్నారు.

సులోచన పెదవి కదపలేదు. నా చెయ్యి పట్టుకుంది. “నాయనా... లోపల ఎవరు?” అని గుసగుసగా అడిగింది.

ఆ గొంతు నాకు తెలుసు. పాండురంగయ్యకూ తెలుసు. ఆ రోజు అతడు పిలిచే సరికి పాతరలో ఎవరూ లేరు. నా పిలుపుకే పైకి వచ్చేసింది. ఇప్పుడు జయరాం గొంతుకు పలికింది, అంటే అతడూ ఆ ఇంటివాడే. నా బిడ్డ మెడలో తాళి ఉంది.

“కుడికాలుతో చెంబు తన్ను తల్లీ,” అన్నారెవరో.

సులోచన కాలు ఎత్తబోయి ఆగిపోయింది. గడప మీద బియ్యం పోసి పెట్టిన చెంబు అప్పటికే లోపలికి ఒరిగి ఉంది. దాని నోట్లోంచి నల్లబడిన జొన్నలు జారుతున్నాయి.