రెండు తలుపుల మధ్య

"ఆ నగల షాపులో ఉన్న నెక్లెస్ లాకెట్‌లో మైక్రోచిప్ ఉంది. మన ఏజెంట్ల పేర్లన్నీ అందులోనే," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా ఈ ఉదయమే కొట్టేస్తుంది. ముఠాలో మన మనిషి హంస నీకు సాయం చేస్తుంది. దొంగని చిప్‌తో సహా పట్టుకోవాలి. డోర్ రిమోట్ నీదే. మళ్లీ నొక్కగలవా?"

ఏజెంట్ నైన్ రిమోట్ అందుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ డోర్ డిజైన్ అతనిదే. నగల షాపు గుమ్మానికి రెండు బుల్లెట్‌ప్రూఫ్ అద్దాల తలుపులు, మధ్య ఇద్దరు పట్టేంత జాగా. బటన్ నొక్కితే రెండూ బిగుసుకుంటాయి. రెండేళ్ల క్రితం మరో షాపులో నొక్కాడు. దొంగతో పాటు వాచ్‌మన్ కూడా ఇరుక్కుపోయాడు. దొంగ కసికొద్దీ అతన్ని కాల్చేశాడు. ఆ పెద్దాయన అద్దం మీద అరచెయ్యి ఆనించి, నైన్ వంకే చూస్తూ జారిపోయాడు. అప్పట్నుంచి నైన్‌కి కంటిమీద కునుకు లేదు. గడ్డం గీసుకుందామన్నా అద్దంలో ఆ చెయ్యే.

పదిన్నర. అలారం మెకానిక్ వేషంలో స్టూలెక్కి కెమెరా బిగిస్తున్నాడు. హంస వచ్చింది. షాపంతా పని మానేసి చూసింది.

"మీ గడియారం ఐదు నిమిషాలు వెనక," అంది అతన్ని దాటుతూ. కోడ్ వర్డ్ కరెక్టే. నైన్ గుండె కుదుటపడింది.

ఆమె నెక్లెస్ పెట్టుకుని చూసి, "నప్పలేదమ్మా" అని ఇచ్చేసింది. వెనక్కొచ్చిన ప్రతి నగనీ తూకం వెయ్యాలని నైన్ పెట్టిన కొత్త రూలు. సేల్స్‌గర్ల్ తూచింది. ముఖం పాలిపోయింది.

"సార్... నాలుగు గ్రాములు తక్కువ!"

తిరిగిచ్చింది నకిలీది, అసలుది ఆమె దగ్గరే ఉంది. హంస రెండు పక్కలా నాటకమాడుతోంది.

అప్పటికే వాచ్‌మన్ వంగి దండం పెట్టి, బయటి తలుపు తియ్యడానికి ఆమెతో పాటు అద్దాల మధ్యకి వెళ్లాడు. అచ్చం ఆ పెద్దాయనలాగే. నైన్ వేలు బటన్ మీద ఆగింది. నొక్కితే ఇతను పోతాడు. నొక్కకపోతే ఎందరో ఏజెంట్లు పోతారు.

"బాబాయ్!" అరిచాడు. "మేడమ్ గొడుగు మర్చిపోయారు! పట్టుకెళ్లు!"

"అయ్యయ్యో!" వాచ్‌మన్ వెనక్కి పరిగెత్తాడు. హంస బయటి తలుపు మీద చెయ్యి వేసింది. వాచ్‌మన్ రెండో కాలు షాపులో పడింది.

నైన్ నొక్కాడు.

హంస మూడుసార్లు కాల్చింది. అద్దం బీటలు వారిందే గాని పగల్లేదు. నైన్ స్టూలు మీదే కూలబడి ఏడ్చాడు, సిగ్గుపడలేదు.

"గొడుగేది సార్?" వాచ్‌మన్ ఇంకా వెతుకుతున్నాడు.

సాయంత్రం రిపోర్టులో, 'భద్రత పెంచడానికి సూచనలు' అన్నచోట నైన్ ఇలా రాశాడు: గార్డులు కస్టమర్లకి చేసే మర్యాద తగ్గించాలి. గొడుగు కోసం వాచ్‌మన్‌ని వెనక్కి పరిగెత్తించింది కూడా ఆ మర్యాదేనని గుర్తొచ్చి ఆ వాక్యం కొట్టేశాడు. దాని బదులు ఇంకో రెండు కెమెరాలు అడిగాడు.